కారు మారుస్తుంటే ఇన్సూరెన్స్ ఎక్కడ మేలు: షోరూంలోనా, బయటా?

పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: షోరూం వాళ్లు చెప్పిన ఇన్సూరెన్సే తీసుకోవాలా, బయట చేయించుకోవచ్చా? చేయించుకోవచ్చు. షోరూంలోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. అయితే రేట్ల బేరానికి దిగేముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఎంత? దానికి పాత ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే లెటర్ చేతిలో ఉందా?

ఈ బోనస్ కారుది కాదు, ఓనరుది. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, ఆపైన ఏడాదికో మెట్టు చొప్పున 25, 35, 45, ఐదేళ్లకి 50. అదీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారుకి జరిగే నష్టం కోసం కట్టే భాగం మీదే. కొత్త కారుకి ఆ భాగం 22,000 అనుకుంటే 50 శాతం బోనస్‌తో 11,000 తగ్గుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,980 కూడా మిగులుతుంది. మొత్తం 12,980. షోరూంకీ బయటకీ ఎంత బేరమాడినా ఇంత తేడా రావడం కష్టం.

లెటర్ కోసం పాత కంపెనీకి కారు అమ్మిన రుజువు, అంటే ఆర్టీవోకి ఇచ్చే పేరు మార్పు ఫారం 29, 30 కాపీలు లేదా డెలివరీ నోట్, పాలసీ కాపీ జతచేసి రాయాలి. లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. చిక్కొచ్చేది వేరేచోట. పాత కారు భర్త పేరున ఉండి కొత్తది భార్య పేరున కొంటే బోనస్ రాదు. బైకు మీది కారుకి పనికిరాదు. పాత పాలసీ గడువు దాటి 90 రోజులు గడిచినా పోయినట్టే. పాత కారు ఇంకా అమ్మకుండా కొత్తదానికి బోనస్ వాడితే పాతదానికి ఆ తగ్గింపు వదులుకోవాలి. ఒక బోనస్ రెండు కార్లకి నడవదు.

ఇక పోలిక. థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టే భాగం, రేటు ఎక్కడైనా ఒకటే. కొత్త కారుకి మూడేళ్లది ఒకేసారి కట్టాలి: 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 6,521, 1500 లోపు 10,640, ఆపైన 24,596, జీఎస్టీ అదనం. కాబట్టి షోరూం కొటేషన్‌లో చివరి అంకె ఒక్కటే చూడకండి, ముక్కలు ముక్కలుగా రాసిమ్మనండి. తాళం పోతే, సామాను పోతే, టైరు పగిలితే అంటూ నాలుగైదు యాడ్-ఆన్‌లు (అదనపు కవర్లు) అందులో దూరి ఉంటాయి. జీరో డెప్, అంటే విడిభాగాల ఖరీదులో అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చేది, ఉంచండి. ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి గుర్తుంది కదా? నీళ్లలో నిలిచిన కారుకి తాళం తిప్పితే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ ఖర్చు మామూలు పాలసీలో రాదు. మిగతావి తీసేయించండి.

బయట కొటేషన్ మరీ తక్కువగా ఉంటే ఐడీవీ, అంటే కారుకి పాలసీలో రాసే విలువ, కారు పోతే గరిష్ఠంగా వచ్చే మొత్తం, చూడండి. కొత్త కారుకి ఎక్స్-షోరూం ధరలో 95 శాతం ఉండాలి. దాన్ని కోసి ప్రీమియం తగ్గించడం పాత ఎత్తే. ఐడీవీ, యాడ్-ఆన్‌లు సమానంగా పెట్టి పోల్చితే సాధారణంగా బయటే చవక, నా ఓటూ దానికే. షోరూంలో ఉన్న సుఖం ఒకటే: క్లెయిమ్ వస్తే కాగితాల తిరుగుడు వాళ్లు చూసుకుంటారు. అది కావాలనుకుంటే బయటి కొటేషన్ టేబుల్ మీద పెట్టి అడగండి, చాలాసార్లు దిగుతారు. బయట తీసుకునేవాళ్లు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇన్వాయిస్‌లో చూసి ఎక్కించాలి, లోన్ ఉంటే బ్యాంకు పేరు రాయాలి, రిజిస్ట్రేషన్‌కి ముందే పాలసీ తెచ్చుకోవాలి.

పాత పాలసీనే కొత్త బండికి మార్పించే దారీ ఉంది, మిగిలిన రోజులకి తేడా కట్టి. సెకండ్ హ్యాండ్ కారైతే ఆలోచించొచ్చు, కొత్తదానికి అనవసరం. థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవడం కొత్త కారు విషయంలో పొదుపు కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక్క మాట. అమ్మినవాళ్ల పేరున ఉన్న పాలసీని 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే వస్తుంది, ఓన్ డ్యామేజ్ రాదు. వాళ్ల బోనస్ కూడా రాదు, మిగిలిన కాలానికి ఆ తేడా మీరే కట్టాలి.

పాలసీ చేతికొచ్చాక బోనస్ శాతం లెటర్‌లో ఉన్నంతే ఉందో లేదో సరిచూడండి. ఏజెంట్ మేలు చేస్తున్నట్టు 35ని 50గా వేస్తే మొదటి క్లెయిమ్‌కే కంపెనీ పాత రికార్డు తీస్తుంది.