1977లో కొనాల్సి వస్తే ఛానల్ ఎఫ్ మేలా, అటారీ మేలా?

మా తరానికి వీడియో గేమ్ అంటే క్యాసెట్టే. తొంభైల్లో మా మేనమామ గారింట్లో ఒక పెట్టె ఉండేది. ఏ కంపెనీదో ఇప్పుడు గుర్తు లేదు. క్యాసెట్ దూర్చడం, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్ మని ఊదడం, మళ్లీ దూర్చడం. ఊదితే ఏమవుతుందో మాకు తెలియదు, కానీ ఊదకుండా ఉండలేం. ఆట మార్చాలంటే క్యాసెట్ మారిస్తే చాలన్నది మాకు ఎంత మామూలు సంగతంటే, అది కూడా ఎప్పుడో ఒకరు ఆలోచించి తయారు చేసిందే అని తట్టేది కాదు.

ఆట మొత్తాన్ని ఒక చిప్‌లో పెట్టి, ఆ చిప్‌ను క్యాసెట్‌లో పెట్టి అమ్మిన మొదటి పెట్టె ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. 1976 నవంబరులో అమెరికాలో విడుదలైంది. పది నెలలకు, 1977 సెప్టెంబరులో, అటారీ వీసీఎస్ వచ్చింది. దీన్నే తర్వాత అటారీ 2600 అన్నారు. మొదటిది మూడున్నర లక్షల దాకా అమ్ముడైందంటారు. రెండోది దాదాపు 3 కోట్లు. అంకెలు చూస్తే పోటీయే లేదు. కానీ ఈ మధ్య రెండింటి ఆటలనూ ఎమ్యులేటర్‌లో (పాత పెట్టెను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాంలో) వరసగా కొన్ని రాత్రులు ఆడి చూశాక, గెలిచింది కాబట్టి అటారీయే మేలు అనడానికి నాకు మనసొప్పలేదు. కనీసం 1977 సంగతి మాట్లాడుకునేటప్పుడు ఒప్పలేదు.

వీటికంటే ముందే మాగ్నావాక్స్ ఒడిస్సీ ఉంది కదా అంటారు కొందరు. ఉంది. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు 1966లో మొదలుపెట్టిన పని అది, 1972లో 100 డాలర్ల ధరకు కొట్లలోకి వచ్చింది. ఇంటి టీవీతో ఆడుకోవచ్చన్న ఆలోచనకు దండ వేయాలంటే ఆయనకే వేయాలి. అయితే ఒడిస్సీలో ప్రాసెసర్ లేదు, శబ్దం లేదు, స్కోరు లెక్కపెట్టడం కూడా లేదు. తెర మీద మూడు తెల్ల చుక్కలూ ఒక గీతా, అంతే. మిగతాదంతా టీవీ అద్దానికి అంటించే రంగుల ప్లాస్టిక్ షీట్లు, పాచికలు, ఉత్తుత్తి నోట్లు, పేకముక్కల్లాంటి కార్డులు. ఒడిస్సీకి కూడా దూర్చే కార్డులుండేవి కానీ వాటిలో ఆట ఉండదు. లోపలి తీగలను ఏది దేనికి కలపాలో చెప్పే జంపర్లు మాత్రమే ఉంటాయి. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడే ఇంట్లో అయితే అది బాగా ఇమిడిపోయేదని నాకు అనిపిస్తుంది. కానీ మన తూకానికి అది వేరే సరుకు. 1975కే దాని తయారీ ఆగిపోయింది కూడా. పక్కన పెడదాం.

ఛానల్ ఎఫ్ వెనక ఉన్న ఫెయిర్‌చైల్డ్ బొమ్మల కంపెనీ కాదు, సిలికాన్ చిప్‌ల కంపెనీ. వాళ్లకు ఎఫ్8 అనే ప్రాసెసర్ ఉంది, దాన్ని వాడే వస్తువు కావాలి. ఆల్పెక్స్ అనే చిన్న సంస్థలో వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు మార్చుకోగల ఆటల నమూనా ఒకటి చేసి పెట్టుకున్నారు. దాన్ని ఇంటికి పనికొచ్చే సరుకుగా మార్చిన బృందానికి పెద్ద జెర్రీ లాసన్. ఆ రోజుల్లో ఆ రంగంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది నల్లజాతి ఇంజనీర్లలో ఆయనొకరు. పిల్లలు రోజుకు పాతిక సార్లు తీసి పెట్టినా క్యాసెట్ పాడవకూడదు, పెట్టె ఆన్‌లో ఉండగా లాగేసినా లోపల ఏదీ కాలిపోకూడదు. పైగా టీవీ సిగ్నళ్లకు అడ్డు రాదని ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌సీసీ దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. ఈ తలనొప్పులన్నీ మొదట పడింది వాళ్లు. అటారీ వచ్చేసరికి దారి వేసి ఉంది.

ఇప్పుడు అసలు తేడా దగ్గరికి వద్దాం. రెండు పెట్టెలూ తెర మీద బొమ్మ వేసే పద్ధతే వేరు. అన్నింటికంటే ఎక్కువ తేల్చింది ఇదే అని నా అభిప్రాయం.

ఛానల్ ఎఫ్‌కు పలక ఉంది. తెర మీది ప్రతి చుక్కకూ చోటు ఉన్న 2 కిలోబైట్ల జ్ఞాపకం అది, అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 64. బలపంతో ఒకసారి గీస్తే చెరిపేదాకా ఉంటుంది. ప్రోగ్రాం రాసేవాడికి హాయి. గీసేసి, మిగతా సమయమంతా ఆట సంగతి చూసుకోవచ్చు. చిక్కల్లా కదలిక దగ్గర. బొమ్మ పక్కకు జరగాలంటే పాతది చెరపాలి, కొత్తది గీయాలి. ఆ ప్రాసెసర్ వేగానికి అది భారం. అందుకే ఛానల్ ఎఫ్ ఆటల్లో కదిలేవి తక్కువ, కదిలినా చిన్న చిన్న చదరాలే. రంగులు కూడా పొదుపుగా వాడినట్టుంటాయి.

అటారీకి పలకే లేదు. దాని మొత్తం జ్ఞాపకం 128 బైట్లు. ఈ పేరాలో సగం వాక్యాలు కూడా అందులో పట్టవు. మరి బొమ్మ ఎలా? పెళ్లి పంక్తిలో వడ్డన గుర్తు చేసుకోండి. పాత టీవీలో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, గీత తర్వాత గీత వేసుకుంటూ పోతుంది. సెకనుకు 60 సార్లు తెరంతా చుట్టి వస్తుంది. అటారీలో ప్రోగ్రాం వడ్డించేవాడిలా ఆ కిరణం వెంట పరుగెత్తాలి. కిరణం ఫలానా ఆకు దగ్గరికి వచ్చేసరికి గరిటెలో బూరె సిద్ధంగా ఉండాలి. ఒక గీతకు దొరికే సమయం ప్రాసెసర్ లెక్కలో 76 సైకిళ్లు, అంటే అది 76 చిన్న అడుగులు వేసేంత సమయం. ఆ లోపు పడకపోతే ఆ ఆకు ఖాళీయే, వెనక్కి వెళ్లడం కుదరదు. ఈ ఏర్పాటును నడిపే చిప్ పేరు టీఐఏ. దాని రూపకర్తల్లో ముఖ్యుడు జే మైనర్, తర్వాత అమీగా కంప్యూటర్‌కు కూడా పెద్ద దిక్కు ఆయనే.

వినడానికి ఇది పిసినారి పనే. నిజంగా పిసినారి పనే కూడా. జ్ఞాపకం చిప్‌లు అప్పట్లో బాగా ఖరీదు, వాటిని తగ్గించి ధర అదుపులో పెట్టారు. రెండు ఆటగాళ్ల బొమ్మలు, రెండు గుండ్లు, ఒక బంతి, వెనక ముతక గోడలు. టీఐఏ ఇచ్చేది అంతే. రెండు ట్యాంకులు కొట్టుకోవడానికీ, బంతాట ఆడటానికీ సరిపడా. కానీ ప్రతి గీతకూ కొత్తగా చెప్పుకోవచ్చు కాబట్టి, అదే బొమ్మను పై గీతలో ఒకలా, కింది గీతలో ఇంకోలా మార్చవచ్చు. రంగు గీత గీతకూ మార్చవచ్చు. 1980లో ఈ పెట్టెకు వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటలో వరసకు ఆరుగురు శత్రువులు ఉంటారు. ఎందుకు ఆరుగురంటే, ఒక్కో ఆటగాడి బొమ్మకు పక్కపక్కనే మూడు నకళ్లు వేసే సదుపాయం ఆ చిప్‌లో ఉంది. రెండు బొమ్మలు, ఒక్కోదానికి మూడు నకళ్లు. అలాంటి వరసలు ఆరు, మొత్తం 36 మంది. ఇది చదివిన రోజు రాత్రి నేను ఆ ఆట మళ్లీ ఆడుతూ శత్రువుల్ని కాల్చడం మానేసి లెక్కపెడుతూ కూర్చున్నాను.

పలక ఉన్నవాడికి పలక అంతే హద్దు అయింది. లేనివాడు ఎంత తిప్పలు పడితే అంత వచ్చింది. 1982లో డేవిడ్ క్రేన్ అనే ప్రోగ్రామర్ పిట్‌ఫాల్ అనే ఆట చేసేసరికి అడవీ, ఊడలూ, మొసళ్లూ అన్నీ అదే 128 బైట్ల పెట్టెలో వచ్చాయి. 1977లో దాన్ని తయారు చేసినవాళ్లు అంత ఊహించి ఉండరు.

చేతిలో పట్టుకునే దానికి వస్తే నా ఓటు ఛానల్ ఎఫ్‌కే. నిలువుగా ఉండే పిడి, పైన మూడు మూలల టోపీ. ఆ టోపీని ముందుకు, వెనక్కి, పక్కలకు వంచవచ్చు, రెండు వైపులా మెలి తిప్పవచ్చు, కిందికి నొక్కవచ్చు, పైకి లాగవచ్చు. ఎనిమిది రకాల పని ఒక్క పిడితో. అటారీది కర్రా, ఒక ఎర్ర బటనూ. మెలి తిప్పే ఆటలకు వేరే చక్రాల జత ఇచ్చారు. అయితే మరమ్మతు దగ్గర అటారీ తెలివైనది. దాని జాయ్‌స్టిక్ తీగ ప్లగ్‌తో ఊడి వస్తుంది, పాడైతే ఇంకోటి తగిలించుకోవచ్చు. మొదటి ఛానల్ ఎఫ్‌లో పిడి తీగలు పెట్టె లోపలికే అతికి ఉంటాయి. తీగ తెగితే పెట్టె విప్పాల్సిందే.

ఛానల్ ఎఫ్‌లో ఇంకో మంచి సంగతి హోల్డ్ బటన్. ఆటను మధ్యలో ఆపి, వేగమో సమయమో మార్చుకుని మళ్లీ సాగించవచ్చు. అన్నానికి పిలిచిన అమ్మకు "ఒక్క నిమిషం" అని పదిసార్లు అరిచిన ఎవరికైనా దీని విలువ తెలుస్తుంది. అటారీలో అలాంటి బటన్ పెట్టలేదు. శబ్దం మాత్రం ఛానల్ ఎఫ్‌లో టీవీ నుంచి రాదు, పెట్టెలోని చిన్న స్పీకరు నుంచి కీచుమంటుంది. అటారీ శబ్దం టీవీలోంచే గట్టిగా వస్తుంది, తగ్గించుకోవచ్చు కూడా. ఛానల్ ఎఫ్ మొదటి క్యాసెట్‌లో ఇంటూ సున్నా ఆట ఓడిపోతే తెర మీద "ఓడిపోయావు, టర్కీ" అని ఇంగ్లిష్‌లో వెక్కిరిస్తుంది. టర్కీ అంటే అక్కడి వాడుకలో దద్దమ్మ అని. ఎమ్యులేటర్‌లో నన్ను రెండుసార్లు అంది.

ధరలు ఛానల్ ఎఫ్‌కు 170 డాలర్లు, అటారీకి 199. ఛానల్ ఎఫ్‌లో టెన్నిస్, హాకీ పెట్టెలోనే ఉంటాయి, క్యాసెట్ కొనకపోయినా ఆడుకోవచ్చు. అటారీతో కాంబాట్ క్యాసెట్ ఉచితం.

ఇక 1977 డిసెంబరులో క్రిస్మస్ కోసం కొట్టుకు వెళ్లిన తండ్రిని ఊహించుకోండి. ఎదురుగా రెండు పెట్టెలు. స్పేస్ ఇన్వేడర్స్ అనేది ఇంకా పుట్టనే లేదు, పిట్‌ఫాల్ సంగతి సరేసరి. అటారీకి ఉన్నవి మొదటి విడత తొమ్మిది ఆటలు, అందులో ఒకటి కూడికలూ తీసివేతలూ. ఛానల్ ఎఫ్‌కు ఏడాది ముందు నుంచీ క్యాసెట్లు వస్తున్నాయి. 30 డాలర్లు తక్కువ. నేనైతే ఛానల్ ఎఫ్ కొనేవాణ్ణి. కొని, మూడేళ్లకు నాలుక కరుచుకునేవాణ్ణి.

ఎందుకంటే ఆ తర్వాత జరిగింది పెట్టెల మధ్య పోటీ కాదు, కంపెనీల ఓపిక మధ్య పోటీ. 1977లోనే బజారంతా పాంగ్ అనే బంతాట నకళ్లతో నిండిపోయింది. బంతాట మొత్తం ఒకే చిప్‌లో దొరకడంతో చిన్నా పెద్దా అందరూ ఆ పెట్టెలు చేశారు, చివరికి అయినకాడికి అమ్మేశారు. ఫెయిర్‌చైల్డ్ అప్పటికే డిజిటల్ గడియారాల వ్యాపారంలో చేతులు కాల్చుకుని ఉంది. ఆటలు దానికి పక్క వ్యాపారం. 1979లో హక్కులను జిర్కాన్ అనే సంస్థకు ఇచ్చి తప్పుకుంది. అటారీకి అలా తప్పుకునే వీల్లేదు, ఆటలే దాని బతుకు. పైగా 1976లోనే వార్నర్ సంస్థ దాన్ని 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొని ఉంది కాబట్టి నష్టాలు ఓర్చుకునే డబ్బుంది. ఆర్కేడ్‌లో నాణెం వేసి ఆడిన ఆటనే ఇంట్లో ఆడుకోవచ్చంటే జనం దానికోసం పెట్టె కొంటారని స్పేస్ ఇన్వేడర్స్‌తో తేలిపోయింది. దానికి ముందు ఏడాదే అటారీలో పేరు కూడా దక్కని నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి యాక్టివిజన్ పెట్టారు, అటారీ పెట్టె కోసమే ఆటలు చేశారు. అటారీ కోర్టుకెక్కింది. కానీ పెట్టెకు బయటివాళ్లు కూడా ఆటలు చేయడం కొన్నవాడికి లాభమే అయింది. ఆ తర్వాత ఎవరు పడితే వాళ్లు ఆటలు చేసి, 1983లో బజారు కుప్పకూలింది. న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో అమ్ముడవని క్యాసెట్లను గోతిలో పూడ్చిపెట్టారు, 2014లో తవ్వి తీశారు. అది వేరే కథ. అంతా అయ్యాక కూడా ఆ పెట్టె 1992 దాకా తయారీలో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

కాబట్టి 1977లో ఛానల్ ఎఫ్, 1980లో కళ్లు మూసుకుని అటారీ. అప్పటికి మాటెల్ ఇంటెలివిజన్ కూడా వచ్చింది, బొమ్మలు అటారీ కంటే బాగుంటాయి. దాని గుండ్రటి పళ్లెం లాంటి మీట మాత్రం నా వేలికి ఎప్పటికీ అలవాటయ్యేలా లేదు.

ఇప్పుడు ఎవరైనా సరదాగా అసలు పెట్టెనే కొందామనుకుంటే ఒక మాట. అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకున్నా, ఇవి టీవీకి యాంటెనా దారిలో, అదీ అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో బొమ్మ పంపుతాయి. మన పాత టీవీలు పాల్ అనే వేరే పద్ధతివి. కరెంటు అడాప్టర్ కూడా 120 వోల్టులది. క్యాసెట్ల మీద మోజు ఉంటే 2023లో వచ్చిన అటారీ 2600 ప్లస్ హెచ్‌డీఎంఐ తీగతో నేరుగా టీవీకి తగులుతుంది, పాత క్యాసెట్లను చదువుతుంది. ఛానల్ ఎఫ్ పిచ్చి పట్టినవాళ్లకు ఎమ్యులేటర్ ఉంది. అందులో మెలి తిప్పే పిడి మాత్రం ఉండదు. కీబోర్డు మీద ఎనిమిది మీటలు వెతుక్కోవాలి, ఈలోపు టర్కీ అనిపించుకోవాలి.