పాత్‌లిబ్: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

పైథాన్‌తో పాటే వచ్చే, ఫైళ్ల పాత్‌లతో (ఫైలు ఎక్కడుందో చెప్పే దారులతో) పనిచేసే లైబ్రరీ పాత్‌లిబ్‌ని నేను ఏళ్ల తరబడి దాదాపు రోజూ వాడుతున్నాను. బ్యాకప్ స్క్రిప్టులు, లాగ్ ఫైళ్లు సర్దడం, పెద్ద ఫోల్డర్లలో డూప్లికేట్లు ఏరేయడం... నా పని ఎక్కువగా ఇలాంటిదే. 2014లో పైథాన్ 3.4తో ఇది వచ్చినప్పుడు ఇంకా ప్రయోగదశలోనే ఉంది. ఫైలు తెరవాలంటే పాత్‌ని మళ్లీ స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వాల్సి వచ్చేది. 2016 చివర్లో 3.6 వచ్చి ఆ బాధ తప్పించింది. నా దృష్టిలో లైబ్రరీ నిజంగా పనికొచ్చింది అప్పటినుంచే.

దీనిలో నాకు బాగా నచ్చేది, పాత్‌ని అక్షరాల వరసగా కాకుండా చెట్టులో ఒక చోటుగా చూడటం. తండ్రి ఫోల్డర్ ఏది, దానిపైన ఏమున్నాయి, చివరి పేరేంటి అని నేరుగా అడగొచ్చు. ఈ తేడా సార్టింగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ‘ఫోటోలు’, ‘ఫోటోలు/2019’, ‘ఫోటోలు-పాతవి’ అనే మూడింటిని మామూలు స్ట్రింగ్‌లుగా సార్ట్ చేస్తే ‘ఫోటోలు-పాతవి’ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే యూనికోడ్‌లో హైఫన్ స్లాష్ కంటే ముందుంటుంది. అదే పాత్ ఆబ్జెక్టులుగా సార్ట్ చేస్తే ముక్క ముక్కగా పోలుస్తుంది కాబట్టి ఫోల్డర్ పక్కనే దాని పిల్లలు వస్తాయి. రిపోర్టులు తయారుచేసేవాళ్లకి ఇదెంత హాయో!

ప్యూర్ పాత్‌లు ఇంకో మంచి సంగతి. ఇవి పాత్‌లోని పేర్లతోనే పనిచేస్తాయి, డిస్క్‌ని అసలు ముట్టుకోవు. విండోస్ మెషీన్ నుంచి వచ్చిన లాగ్‌లోని పాత్‌లను లినక్స్‌లో కూర్చుని ప్యూర్ విండోస్ పాత్‌తో విడగొట్టొచ్చు. డ్రైవ్ అక్షరం, బ్యాక్‌స్లాష్‌లు, పెద్ద చిన్న అక్షరాల తేడా లేకుండా పోల్చడం అన్నీ అదే చూసుకుంటుంది.

అయితే ఒక్కచోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. స్లాష్ గుర్తుతో రెండు పాత్‌లు కలిపేటప్పుడు కుడివైపుది రూట్ నుంచి మొదలయ్యే పూర్తి పాత్ అయితే, ఎడమవైపుది చప్పుడు లేకుండా పోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. యూజర్ ఇచ్చిన ఫైలు పేరుని అప్‌లోడ్ ఫోల్డర్‌కి కలిపే కోడ్‌లో ఇది ప్రమాదమే. పోనీ కలిపాక ‘ఇది ఆ ఫోల్డర్ లోపలే ఉందా’ అని అడిగే మెథడ్ ఉంది కదా (3.9లో వచ్చింది) అనుకుంటే, అది కూడా పేర్లను మాత్రమే పోలుస్తుంది. మధ్యలో రెండు చుక్కలు (‘..’, అంటే పై ఫోల్డర్) పెట్టి బయటికి పోయే పాత్‌ని కూడా ‘లోపలే ఉంది’ అంటుంది. అందుకే నేను రెండు వైపులా ముందు రిజాల్వ్ చేసి (డిస్క్‌ని చూసి అసలు పూర్తి పాత్‌గా మార్చి), ఆ తర్వాతే అడుగుతాను. లైబ్రరీ రెండు చుక్కలను తనంతట తాను తీసేయకపోవడం మాత్రం సరైన నిర్ణయమే. దారిలో సిమ్‌లింక్ (ఇంకో చోటికి చూపించే షార్ట్‌కట్ లాంటిది) ఉంటే రెండు చుక్కల అర్థమే మారిపోతుంది, అది డిస్క్‌ని చూడకుండా తేల్చేది కాదు.

నక్షత్రం గుర్తు లాంటి నమూనాతో ఫైళ్లు వెతికే గ్లాబ్ ఇచ్చే ఫైళ్లు ఏ వరసలో వస్తాయో నమ్మడానికి లేదు, సార్ట్ చేసుకోవాల్సిందే. చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లను షెల్ (కమాండ్ లైన్) మామూలుగా వదిలేస్తుంది, గ్లాబ్ వదలదు. రెండు ఎక్స్‌టెన్షన్లున్న ‘టార్ డాట్ జీజెడ్’ ఫైళ్లలో పాత్‌లిబ్ చివరిదాన్నే ఎక్స్‌టెన్షన్‌గా లెక్కేస్తుంది.

వేగం దగ్గర నాకు అసంతృప్తి ఉంది. ప్రతి ఫైలుకీ కొత్త ఆబ్జెక్టు తయారుచేయడం, ‘ఇది ఫైలేనా’ అని అడిగిన ప్రతిసారీ మళ్లీ డిస్క్‌ని కదిలించడం లక్షల ఫైళ్ల దగ్గర బాగా తెలుస్తుంది. అలాంటిచోట ఇప్పటికీ ఓఎస్ మాడ్యూల్‌లో ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే స్కాన్‌డిర్‌నే వాడతాను. మొత్తం చెట్టంతా తిరిగే వాక్ మెథడ్ 2023లో 3.12తో గానీ రాలేదు. కాపీ, మూవ్ అయితే 2025లో 3.14 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత ప్రాథమిక పనులకు అన్నేళ్లు ఫైళ్లు కాపీ చేసే, తరలించే షటిల్ (shutil) మాడ్యూల్‌ని పక్కన పెట్టుకోవాల్సి రావడం అన్యాయం అనిపిస్తుంది. నిండుగా ఉన్న ఫోల్డర్‌ని తీసేయాలంటే ఇప్పటికీ అదే దిక్కు.

ఇన్ని ఉన్నా కొత్త ప్రాజెక్టు ఏది మొదలుపెట్టినా నేను మొదట ఇంపోర్ట్ చేసేది దీన్నే. స్ట్రింగ్‌ల మధ్య స్లాష్‌లు అతికిస్తూ రాసిన కోడ్ రివ్యూకి వస్తే, పాత్‌లిబ్‌లోకి మార్చి పంపమని అడుగుతాను.