ఖాళీ ఆర్గ్యుమెంట్లా, విడి మెథడా?

సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలో బటన్ క్లిక్ హ్యాండ్లర్‌ను (బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్‌ను) మన కోడ్ నుంచే ఖాళీ కుండలీకరణాలతో పిలిస్తే కంపైలర్ సీఎస్7036 అనే లోపం చూపి ఆపేస్తుంది. అది అడిగే ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు ఇవ్వాల్సిన విలువలు) రెండు: సెండర్ (ఈవెంట్‌ను పంపిన బటన్), ఈవెంట్‌ఆర్గ్స్ (ఆ ఈవెంట్ వివరాలు). వీటికి ఖాళీ విలువలిచ్చి సరిపెట్టాలా, పనిని విడి మెథడ్‌గా (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కగా) తీయాలా?

శ్రమ: సెండర్‌కు నల్ (ఏమీ లేదని చెప్పే విలువ), రెండోదానికి ఈవెంట్‌ఆర్గ్స్.ఎంప్టీ ఇస్తే ఒక్క వరుసతో సరి. విడి మెథడ్‌ కావాలంటే అసలు పనిని హ్యాండ్లర్ నుంచి బయటికి తీసి, పేరు పెట్టి, రెండు చోట్ల నుంచీ పిలవాలి.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. ఇవాళ హ్యాండ్లర్ సెండర్‌ను ముట్టుకోకపోవచ్చు. రేపు ఎవరో సెండర్‌ను బటన్‌గా మార్చి దాని టెక్స్ట్ చదివితే ప్రోగ్రామ్ నడుస్తుండగానే కూలుతుంది. నల్ తనిఖీ పెట్టుకోని ప్రాజెక్టులో కంపైలర్ నోరు మెదపదు. మౌస్ హ్యాండ్లర్‌కైతే ఎంప్టీ చెల్లనే చెల్లదు. మౌస్‌ఈవెంట్‌ఆర్గ్స్‌ను కల్పించి ఇవ్వాలి, అంటే జరగని క్లిక్‌కు దొంగ సాక్ష్యం! విడి మెథడ్‌కు ఈ బెడద లేదు.

కోడ్ పరీక్షలు: విడి మెథడ్‌దే పైచేయి.

విండోస్ ఫారమ్స్‌లో (విండోస్ తెరలు తయారుచేసే లైబ్రరీలో) పెర్‌ఫార్మ్‌క్లిక్ అనే అడ్డదారి కూడా ఉంది, అది కోడ్ నుంచే బటన్‌ను నొక్కినట్టు చేస్తుంది. కానీ బటన్ డిసేబుల్ అయి ఉంటే అది ఏమీ చేయకుండా ఊరుకుంటుంది.

చిన్న ఫారమ్, ఒకే పిలుపు, సెండర్‌ను వాడని హ్యాండ్లర్ అయితే ఖాళీ ఆర్గ్యుమెంట్లు చాలు. అదే పనిని మెనూ, టైమర్ కూడా అడుగుతుంటే విడి మెథడ్ రాయండి. నేనైతే రెండో పిలుపు కనిపించగానే విడదీస్తాను.