ప్రాగ్‌లో ఒక్క రోజు: ట్రామా, మెట్రోనా, టూరిస్టు బస్సా?

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ల ఇళ్లకు వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. వచ్చిన కొన్నాళ్లకే ప్రాగ్ ప్రయాణం ఖాయమవుతుంది; డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకే మరి. ఆ వెంటనే నాకు వచ్చే ప్రశ్న కూడా ఖాయమే: "ఒక్క రోజే ఉంది. ట్రామ్ మేలా, మెట్రో మేలా, పైకప్పు లేని ఆ టూరిస్టు బస్సు మేలా?"

చాలామంది లెక్కను డబ్బుతో మొదలుపెడతారు. అది ఒక్క ముక్కలో తేలిపోతుంది. 24 గంటల టికెట్టు ఒకటి కొంటే మెట్రో, ట్రామ్, సిటీ బస్సు మూడూ ఎక్కవచ్చు. టూరిస్టు బస్సుకు అంతకు కొన్ని రెట్లు పెట్టాలి. నేను మాత్రం మోకాళ్లతో మొదలుపెడతాను. ప్రాగ్ కోట కొండ మీద ఉంది. చార్లెస్ వంతెన, పాత పట్టణం కింద వ్లతావా నది దగ్గర ఉన్నాయి. దారి పొడవునా రాళ్లు పరిచిన బాటలే. ఆ కొండను కాళ్లతో ఎక్కుతారా, కాళ్లతో దిగుతారా అన్నదాన్ని బట్టి సాయంత్రానికి మీ నాన్నగారి మొహంలో నవ్వు మిగులుతుందో లేదో తెలుస్తుంది.

మెట్రోకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 1974 నుంచి నడుస్తోంది, మూడు లైన్లు, వేగం, సమయపాలన. కానీ చూడటానికి వచ్చిన ఊరిని సొరంగంలో దాటిపోవడం నాకు నచ్చదు. పైగా కోటకని 'ఏ' లైన్‌లో మలోస్ట్రాన్స్కా స్టేషన్లో దిగితే కొండ అడుగున తేలతారు. అక్కడి నుంచి పాత కోట మెట్లు. కుర్రవాళ్లకు సరదాగానే ఉంటుంది. అరవై దాటినవారు పైకి చేరేసరికి కోటలోని సెయింట్ వైటస్ చర్చి శిఖరాల వైపు తల ఎత్తే ఓపిక కూడా మిగలదు. 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాని కట్టడం అది, ఆయాసపడుతూ చూడదగ్గది కాదు.

టూరిస్టు బస్సులో సుఖం ఉంది, కాదనను. కూర్చున్నచోటే చెవిలో కథ వినిపిస్తారు, పిల్లలకు పై అంతస్తు అంటే సంబరం. అయితే అంత పెద్ద బస్సు పాత పట్టణపు సందుల్లోకి రాలేదు. 1410 నాటి ఖగోళ గడియారం ఉన్న కూడలికి ఎలాగూ నడిచే వెళ్లాలి. ఒక బస్సు తప్పితే మరొకటి వచ్చేదాకా నిరీక్షణ. కాలు కదపలేనివారు, వాన రోజున వెళ్లి కింది అంతస్తులో కూర్చునేవారు తీసుకోవచ్చు.

ఇక 22వ నంబరు ట్రామ్. నా ఓటు దీనికే. రైలు దిగే ప్రధాన స్టేషన్ నుంచి మెట్రో 'సి' లైన్‌లో రెండో స్టాపు ఐ. పి. పావ్లోవా, పైకి వస్తే 22 దొరుకుతుంది. పగటిపూట కొద్ది నిమిషాలకొకటి వస్తుంది కాబట్టి కిక్కిరిసినదాన్ని వదిలేసి తర్వాతిది ఎక్కండి. వీలైతే కుడివైపు కిటికీ పట్టండి. జాతీయ నాటకశాల దాటి వంతెన మీదికి రాగానే నది, చార్లెస్ వంతెన, వెనక కోట, మూడూ ఒకే చూపులో కుడిపక్కనే కనిపిస్తాయి. మలోస్ట్రాన్స్కే కూడలి తర్వాత లెటెన్స్కా వీధి ఎంత ఇరుకంటే, ట్రామ్ ఒక భవనం కింది కమానులోంచి దూరి వెళుతుంది; ఎదురు ట్రామ్ ఆగి దారివ్వాలి. ఆ తర్వాత వంపులు తిరిగే ఖోట్కోవా రోడ్డు మీదుగా కొండ ఎక్కేస్తుంది. తిరుమలకు మొక్కుకొని మెట్లెక్కి, దిగేటప్పుడు బస్సెక్కేవారున్నారు. ఇక్కడ మొక్కు లేదు, తిరగేయండి: ఎక్కడం ట్రామ్‌లో, దిగడం కాళ్లతో.

ఎక్కడ దిగాలన్నది కూడా ముఖ్యమే. 'ప్రాజ్‌స్కీ హ్రాడ్' స్టాపులో దిగితే ఇంచుమించు చదునైన దారిలో కొద్ది నిమిషాల్లో కోట రెండో ప్రాంగణంలో ఉంటారు. ఓపిక తక్కువైనవారికి అదే మేలు. నేనైతే ఇంకో రెండు స్టాపులు ముందుకెళ్లి పోహోర్జెలెత్స్‌లో దిగమంటాను. అక్కడి నుంచి లొరెటా చర్చి మీదుగా కోట ముఖద్వారం, లోపల చూసుకున్నాక నెరుదోవా వీధి, అది దిగి మలోస్ట్రాన్స్కే కూడలి దాటితే చార్లెస్ వంతెన. 516 మీటర్ల పొడవు, ముప్ఫై విగ్రహాలు. అన్నీ ఆగి చూసినా కాళ్లు మొరాయించవు, ఎందుకంటే పొద్దుటి నుంచీ దాదాపు అంతా దిగుడే.

22తో చిక్కులు లేకపోలేదు. జేబుదొంగలకూ ఇష్టమైన ట్రామ్ ఇది; పాస్‌పోర్టులున్న సంచి ముందువైపు వేసుకోండి. కాగితం టికెట్టును తొలి ప్రయాణం మొదలయ్యేటప్పుడే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి, ఒక్కసారే. ట్రామ్ లోపలి యంత్రంలో కార్డుతో కొన్నదానికి ముద్ర అక్కర్లేదు. తనిఖీ చేసేవారు మామూలు బట్టల్లోనూ రావచ్చు. మరో సంగతి: 24 గంటలు ముద్ర పడిన క్షణం నుంచి లెక్క, క్యాలెండరు రోజు కాదు. కాబట్టి రాత్రికి అక్కడే ఉండేవారికి మర్నాడు పొద్దున్న కూడా అదే చెల్లుతుంది.

23వ నంబరు ట్రామ్‌లో టాట్రా కంపెనీ చేసిన పాతకాలపు పెట్టెలు, చూడముచ్చటగా ఉంటాయి. మెట్లు ఎత్తు, పెద్దవాళ్లతో వద్దు. పర్యాటకుల కోసం తిప్పే 42వ నంబరు పాత ట్రామ్‌కు టికెట్టు వేరే. నదిలో పడవ షికారు ప్రాగ్‌లో రెండో రోజు ఉన్నవారికి.

సాయంత్రం మాత్రం మెట్రోనే పట్టండి. చూడటం అయిపోయింది, వేగమే కావాలి. గడియారం కూడలి నుంచి స్టారోమ్యెస్ట్స్కా స్టేషన్ దగ్గరే. 'ఏ' లైన్‌లో ముజియం వరకు, అక్కడ 'సి' లైన్‌కు మారితే తర్వాతి స్టాపే రైల్వే స్టేషన్.