అన్నం తినే దేశంలో గోధుమ బెడద

జపాన్‌లో మూడు పూటలా అన్నమే తింటారు కాబట్టి, సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగులకు పడని జబ్బు) ఉన్న మా అమ్మాయికి అక్కడ తిండికి ఇబ్బంది ఉండదని నమ్మి బయలుదేరాము. టోక్యోకు దగ్గరలోని కొండ ఊరు హకోనేలో మేము దిగిన విడిది ఆ నమ్మకాన్ని ఒక్క రాత్రిలో పోగొట్టింది. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

టోక్యోలో నాలుగు రోజులు సాఫీగా గడిచాయి. వంటకు వీలున్న అద్దె గదిలో అన్నం వండుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడితో సరిపెట్టుకున్నాము. (ఆ పొడిలో ఇంగువ వేయలేదు. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిసే ఉంటుంది.)

హకోనేలోది వేడినీటి స్నానాలు, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి ఇచ్చే ర్యోకాన్, అంటే జపాన్ సంప్రదాయ విడిది. మనిషికి 26,000 యెన్ల చొప్పున ముగ్గురికి 78,000 యెన్లు ముందే చెల్లించాము. గోధుమ, బార్లీ, సోయాసాస్ ఏవీ కూడదని నెల రోజుల ముందే రాస్తే, తప్పకుండా ఏర్పాటు చేస్తామని జవాబిచ్చారు. భోజనానికి కూర్చున్నాక చూస్తే టెంపురా (పిండిలో ముంచి వేయించినవి), నూడుల్స్ తీసేశారు కానీ, ఉడికించిన ముల్లంగి, టోఫూ (సోయా పనీర్) గోధుమరంగులో ఉన్నాయి. అమ్మాయి రెండు ముక్కలు తిన్నాక మావారికి అనుమానం వచ్చి అడిగితే, వడ్డించే ఆవిడ "షోయు కొంచెమే వేశాము, గోధుమ లేదు" అన్నది. షోయు అంటే సోయాసాస్. అక్కడ మామూలుగా వాడే రకాన్ని సోయా గింజలతో పాటు గోధుమలు కూడా కలిపి పులియబెట్టి చేస్తారు. అంతేకాక, మంచినీళ్లకు బదులుగా మేము దిగినప్పటి నుంచి పోస్తున్న చల్లని టీ ముగిచా అనీ, అది వేయించిన బార్లీతో కాచినదనీ అప్పుడే తెలిసింది.

రాత్రి మూడింటి దాకా అమ్మాయికి వాంతులు, కడుపునొప్పి. మరునాడు రోప్‌వే ఎక్కాలన్న ఆలోచన మానుకున్నాము. మేనేజరు మూడుసార్లు వంగి క్షమాపణ చెప్పారు కానీ, ముట్టని ఫలహారం డబ్బులైనా తిరిగి ఇమ్మంటే నియమాలు ఒప్పుకోవన్నారు. సీలియాక్ అక్కడ అరుదు కాబట్టి తెలియకపోవడాన్ని నేను తప్పుపట్టను. తెలియని దానికి మాట ఇచ్చి, డబ్బు తీసుకుని, పిల్ల ముందు ఆ పళ్లెం పెట్టడాన్ని మాత్రం క్షమించలేను. మావారు క్యోటో చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మాయి ఇక బయట ఏమీ తిననని భీష్మించుకుంది.

ఆ పట్టు సడలించినది క్యోటోలో, నిషికి బజారుకు దగ్గర సందులో ఎనిమిది మంది కూర్చోగల చిన్న భోజనశాల. నడిపే పెద్దావిడ మేమిచ్చిన జపనీస్ చీటీని రెండుసార్లు చదివి, లోపలికి వెళ్లి సోయాసాస్ సీసా తెచ్చి, దాని మీది "కొముగి" (గోధుమ) అన్న మాటను వేలితో చూపి, కాదన్నట్లు చేయి ఊపింది. చేపలు కాల్చే జాలీ మీద అంతకుముందు సోయాసాస్ పట్టించినవి కాలాయని కాబోలు, దాని మీద కొత్త అల్యూమినియం రేకు పరచి, ఉప్పు మాత్రమే రాసిన సాబా చేపను కాల్చింది. మేము అడగకుండానే టీ తీసేసి మంచినీళ్లు పెట్టింది. చేప, అన్నం, ముల్లంగి తురుము కలిపి 1,100 యెన్లు. అమ్మాయి అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది.

వెళ్లేవారు "గ్లూటెన్ వద్దు" అని ఊరుకోకుండా సోయాసాస్, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), బార్లీ టీ పేర్లు విడివిడిగా జపనీస్‌లో రాయించుకోండి. పొట్లాల మీద గోధుమ ఉందని తప్పనిసరిగా చెప్పాలి కానీ బార్లీకి ఆ నిబంధన లేదు. అందువల్ల "కొముగి" కనిపించనంత మాత్రాన తినేయకండి, "ఓముగి" (బార్లీ) కోసం కూడా వెతకండి. బియ్యప్పిండి రొట్టెల్లోనూ కొన్నిటిలో గోధుమ గ్లూటెన్ కలుపుతారు. గోధుమ లేని తమారి (సోయాసాస్‌లో ఒక రకం) చిన్న సీసా టోక్యోలో 398 యెన్లకు కొన్నాము. తమారిలోనూ గోధుమ కలిపిన రకాలున్నాయి, చూసి తీసుకోవాలి. భోజనంతో కలిపి అమ్మే ర్యోకాన్ల జోలికి వెళ్లకండి. గది మాత్రమే తీసుకోండి. క్యోటోలో మిగిలిన రెండు రోజులూ మేము రాత్రి భోజనం ఆ పెద్దావిడ దగ్గరే చేశాము.