కోడలు అత్తగారిని ‘కూర్చో’ అన్న రాత్రి: సబ్‌టైటిల్ వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌తో మూడేళ్లు

మూడేళ్లుగా రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను. అందులో నాకు నచ్చినవి చాలానే ఉన్నాయి. కానీ ఇది రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం అందులోని ఎర్ర గీత. సబ్‌టైటిల్ మరీ వేగంగా పోతోంది, చూసేవాళ్లు చదవలేరు అని హెచ్చరించే గీత. అది తెలుగును తప్పుగా లెక్కపెట్టింది. ఆ తప్పు లెక్కను మేం 14 నెలలు నమ్మాం. ఆ నమ్మకంతో ఎన్ని మంచి వాక్యాలు నరికేశామో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సాఫ్ట్‌వేర్ పేరు రాయడం లేదు. వాడే ఒక్కో మనిషికి ఇంత అని నెలనెలా కట్టే విదేశీ సాఫ్ట్‌వేర్, అంతవరకు చాలు. మేం ఐదుగురం, హైదరాబాద్ కృష్ణానగర్‌లో చిన్న ఆఫీసు. కొరియన్, ఇంగ్లీషు సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ చేస్తాం. నేను చివర్లో క్యూసీ (నాణ్యత తనిఖీ) చూస్తాను. అంటే అందరి పనీ నా చేతి మీదుగానే బయటకు వెళ్తుంది, తప్పు పోతే మాటా నాకే వస్తుంది.

ముందు న్యాయంగా మంచి చెప్పాలి. ఇది రాకముందు నాలుగో ఎపిసోడ్ ఎవరి దగ్గరుంది, ఐదోది ఎంతవరకు వచ్చింది అని వాట్సాప్‌లో అడుక్కుంటూ ఉండేవాళ్లం. ఇప్పుడు స్క్రీన్ తెరిస్తే కనిపిస్తుంది. అనువాదం అవ్వగానే ఎడిటర్‌కి, ఎడిటర్ ముగించగానే నాకు దానంతట అదే వస్తుంది. ఫైలు పోయింది అనే మాట ఈ మూడేళ్లలో మా ఆఫీసులో వినలేదు. ఒకసారి వీడియో సెకనుకు 25 ఫ్రేములది, టెంప్లేట్ (మాటల టైమింగ్ ముందే పెట్టి ఇచ్చే ఫైలు) 23.976 ఫ్రేములది వచ్చింది. తెరిచిన నిమిషంలోనే పట్టేసింది. అది పట్టకపోతే మొదట్లో అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, గంట గడిచేసరికి రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. అప్పటికి మాట ఒకరిది, అక్షరాలు ఇంకొకరివి. అలాంటి పని ఒకసారి చేతికొచ్చినవాళ్లకు ఈ ఒక్క హెచ్చరిక విలువ తెలుస్తుంది.

ఇక ఎర్ర గీత సంగతి.

అది 2023లో, ఎనిమిది ఎపిసోడ్ల కొరియన్ కుటుంబ కథ. మాకు వచ్చింది ఇంగ్లీషు టెంప్లేట్. టైమింగ్ లాక్ చేసి ఉంటుంది, అనువాదం చేసేవాళ్లు ముందుకూ వెనక్కూ జరపకూడదు. రెండు సెకన్లు ఇచ్చారంటే ఆ రెండు సెకన్లలోనే చెప్పాలి. సెకనుకు 17 అక్షరాలు దాటకూడదని ప్రాజెక్టులో పెట్టారు. దాటితే ఆ సబ్‌టైటిల్ పక్కన ఎర్ర గీత. ఎర్ర గీతలు ఉన్నంతసేపు సబ్మిట్ మీట పనిచేయదు. మినహాయింపు ఇచ్చే అధికారం ప్రాజెక్టు మేనేజర్‌కు మాత్రమే ఉంటుంది.

ఆరో ఎపిసోడ్ చేసింది మా టీమ్‌లో అందరికంటే చిన్నవాడు. రాజమండ్రి కుర్రాడు. తెలుగు మీద మంచి పట్టుంది. మాట వినగానే అది ఏ వయసువాళ్లు, ఎవరితో అనే మాటో చెప్పేస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు.

“అక్కా, పని అయిపోయింది కానీ సబ్మిట్ అవట్లేదు. 64 ఎర్ర గీతలున్నాయి.”

“64 ఎలా వస్తాయిరా? అంత పెద్ద వాక్యాలు రాశావా?”

“లేదక్కా. నువ్వే చూడు.”

చూశాను. వాక్యాలు ముచ్చటగా ఉన్నాయి. పైకి చదివితే రెండు సెకన్లలో హాయిగా అయిపోతున్నాయి. అయినా ఎర్రగానే ఉన్నాయి. డెడ్‌లైన్ రాత్రి 11. మేనేజర్ ఉండేది సింగపూర్‌లో, మనకు 11 అంటే అక్కడ ఒకటిన్నర. మెసేజ్ పెట్టాను, జవాబు రాలేదు. డెలివరీ ఆలస్యమైతే మా ఖాతాలో పడుతుంది. చివరికి నేనే అన్నాను, “కొంచెం కొంచెం తగ్గించి పంపించెయ్” అని. ఆ మాట నాది. అందుకే ఈ కోపంలో నా మీద నాకున్నది కూడా కొంత ఉంది.

వాడు గంటన్నరలో 64 వాక్యాలు తగ్గించాడు. అందులో ఒకటి ఇది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, వంటింట్లోకి వస్తున్న అత్తగారితో అనే మాట. వాడు మొదట రాసింది: “అత్తయ్యా, మీరు కూర్చోండి. నేను చూసుకుంటాను.” తగ్గించాక: “కూర్చో, నేను చూసుకుంటా.”

తీరిక ఉంటే “మీరు కూర్చోండి. నేను చూసుకుంటా.” అని రాసేవాడు. గీతా పోయేది, గౌరవమూ నిలిచేది. కానీ ఒక్కో వాక్యానికి ఒకటిన్నర నిమిషం కూడా లేనప్పుడు చేయి ముందుగా ‘అండి’ మీదికే వెళ్తుంది. తెలుగులో గౌరవం క్రియ చివర ఉంటుంది, కత్తెర మొదట పడేదీ అక్కడే. కొరియన్‌లోనూ ఆ కోడలు గౌరవంగానే మాట్లాడుతుంది. వాళ్ల క్రియల చివర కూడా మన ‘అండి’ లాంటిది ఉంటుంది. మధ్యలో ఇంగ్లీషు టెంప్లేట్‌లో అది పోయింది. మా కుర్రాడు ఆడియో విని, దాన్ని వెనక్కి తెచ్చాడు. ఎర్ర గీత మళ్లీ తీయించింది.

నాలుగు రోజుల తర్వాత ఎపిసోడ్ తిరిగొచ్చింది. క్లయింటు తరఫున తెలుగు తనిఖీ చేసే ఆవిడ రాశారు: “ఈ సీన్‌లో ‘కూర్చో’, తర్వాతి సీన్‌లో ‘మీరు’. ఈ అమ్మాయి అత్తగారిని ఎలా పిలుస్తుందో ముందు తేల్చుకోండి.” అలాంటివి 11 చోట్ల పట్టారు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు.

తిరిగొచ్చిన పనిని సాఫ్ట్‌వేర్ నేరుగా అనువాదకుడి ఖాతాలో వేసింది, తప్పులుగా. అందులో ఒక్కొక్కరికీ నాణ్యత మార్కు ఉంటుంది. మార్కు తగ్గితే కొత్త పని దానంతట అదే ఇంకొకరికి పోతుంది. ఆ సదుపాయాన్ని మొదటి ఏడాది నేను తెగ మెచ్చుకున్నాను, పని పంచే తలనొప్పి పోయిందని. ఆ తర్వాత రెండు నెలలు మా కుర్రాడికి సగం పనే వచ్చింది. మాకు డబ్బులు ప్రోగ్రామ్ నిమిషాల లెక్కన వస్తాయి. సగం పని అంటే సగం జీతమే. వాడు అడగలేదు. నేనే నెలాఖరున లెక్కలు చూస్తుంటే తెలిసింది. అప్పటినుంచి పని పంచడం ఆటోమేటిక్‌లో పెట్టలేదు, నేనే పంచుతున్నాను.

వాడి మొదటి వాక్యాన్ని తీసుకుని ఒకరోజు కాగితం మీద లెక్కపెట్టాను. “అత్తయ్యా, మీరు కూర్చోండి. నేను చూసుకుంటాను.” మనం చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నట్టు లెక్కపెడితే 15 అక్షరాలు. కామా, రెండు చుక్కలు, నాలుగు ఖాళీలు కలిపితే 22. రెండు సెకన్లకు 22, అంటే సెకనుకు 11. సాఫ్ట్‌వేర్ చూపించిన లెక్క 43. సెకనుకు 21.5.

ఎక్కడినుంచి వచ్చింది 43? కంప్యూటర్ లోపల తెలుగు అక్షరం ముక్కలుగా ఉంటుంది. ‘త్త’ అంటే మనకు ఒక అక్షరం. దానికి త, పొల్లు, ఇంకో త, మొత్తం మూడు. ‘స్త్రీ’ మనకు ఒకటి, దానికి ఆరు. గుడి ఒకటి, కొమ్ము ఒకటి, సున్న ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. ఇంగ్లీషులో ఒక్కో అక్షరం ఒక్కటిగానే ఉంటుంది కాబట్టి 17 అనే గీటు అక్కడ సరిపోతుంది. అదే గీటు తెచ్చి మన మీద పెట్టారు. ‘వెళ్ళిపోయాడు’ అని రాస్తే 12 పడుతుంది, కళ్లకు కనిపించేవి ఐదే. ఒత్తులున్న మాటలకు శిక్ష ఎక్కువ. అంటే అమ్మ, నాన్న, అత్తయ్య, అన్నయ్య, అక్క. ఇంటి మాటలు మనకు చాలావరకు ఒత్తులతోనే ఉన్నాయి కదా! గీతకు భయపడి 14 నెలలు మేం సంబోధనలు తీసేస్తూ వచ్చాం. వెనక్కి తెరిచి చూస్తే ఆ కాలపు ఎపిసోడ్లలో ఎవరూ ఎవరినీ వరస పెట్టి పిలవరు. తెలుగువాళ్లు అలా మాట్లాడతారా?

ఆ కాగితం ఫొటో తీసి వాళ్ల సపోర్టుకు పంపాను. మూడు వారాలు ఏమీ లేదు. తర్వాత ఒకాయన రాశారు: అక్షరాలను ఎలా లెక్కపెట్టాలో మార్చుకునే వీలు ఇదివరకే ఉందట. అడ్మిన్ లాగిన్‌తో, ప్రాజెక్టు టెంప్లేట్ల పేజీలో, భాషల కింద. మాది మామూలు లాగిన్ కాబట్టి ఆ పేజీ మాకు కనిపించదు. పని ఇచ్చే ఏజెన్సీవాళ్లకే కనిపిస్తుంది, వాళ్లలో తెలుగు చదివేవాళ్లు లేరు. చూపించాల్సింది ఎవరికో వాళ్లకు తప్ప అందరికీ చూపించారు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లలో ఎలా ఉంచాలో చెప్పే ప్రమాణం యూనికోడ్‌లో కూడా, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు ఒత్తులను కలిపి ఒకే అక్షరంగా చూసే నియమం చేర్చారు. దారి ఉంది, నడిచేవాళ్లే కావాలి.

ఏజెన్సీని బతిమాలి మార్పించాను. పాత ఆరో ఎపిసోడ్‌ను, మా కుర్రాడి మొదటి వెర్షన్‌ను మళ్లీ ఎక్కించాం. 64 ఎర్ర గీతలు 2 అయ్యాయి. ఆ రెండూ నిజంగానే పెద్ద వాక్యాలు. వాడు స్క్రీన్ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. “అయితే నేను సరిగ్గానే రాశానన్నమాట అక్కా” అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. లెక్క మార్చారు గానీ 17 అలాగే ఉంచారు. నిజమైన తెలుగు అక్షరాలు సెకనుకు 17 అంటే ఎవరు చదవగలరు? ఇప్పుడు పొడుగు వాక్యాలు కూడా నిశ్శబ్దంగా దాటిపోవడం మొదలైంది. ఇంట్లో మా అమ్మను, ఇంగ్లీషు మీడియంలో చదివిన మా అక్క కొడుకును టీవీ ముందు కూర్చోబెట్టి, రకరకాల వేగాలతో చూపించాను. అమ్మ వేగంగానే చదివింది, కళ్లజోడు పెట్టుకుని. వాడికి తెలుగు కూడబలుక్కోవాలి. ఆఫీసులో కూడా చూసుకుని 12 దగ్గర ఆగాం. ఇది మా గదిలో తేలిన లెక్క, ఎక్కడా శాసనం కాదు. మీరు చేసే కార్యక్రమం, చూసేవాళ్లు వేరైతే మీ అంకె వేరు కావచ్చు.

లైన్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. రెండు లైన్లు పెట్టినప్పుడు పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. సాఫ్ట్‌వేర్ చూపించే ప్రివ్యూలో ఇది తెలియదు, అక్కడ లైన్ల మధ్య ఎడం ఎక్కువ. నేను ప్రతి ఎపిసోడ్‌లో పది సబ్‌టైటిల్స్ ఏరుకుని బయట మామూలు ప్లేయర్‌లో చూసుకుంటాను. ‘క్ష్మి’ ఉన్న పై లైను, ‘ర్థి’ ఉన్న కింది లైను కలిసినప్పుడు చూడండి.

పోతే, పైన ఫైలు పోయిన మాట వినలేదన్నాను. అది నిజమే. తప్పు వెర్షన్ వెళ్లడం మాత్రం రెండుసార్లు జరిగింది. తిరిగొచ్చిన పని తెరిస్తే అది చివరగా సబ్మిట్ చేసిన వెర్షన్‌ను ఇస్తుంది, మనం మధ్యలో సేవ్ చేసుకున్నదాన్ని కాదు. ఆరో ఎపిసోడ్ మొదటి వెర్షన్ మిగిలింది మా కుర్రాడు తన కంప్యూటర్‌లో విడిగా దాచుకున్నాడు కాబట్టి. అప్పటినుంచి అందరం రోజూ సాయంత్రం ఒక ఎస్‌ఆర్‌టీ (మామూలు సబ్‌టైటిల్ ఫైలు) కాపీ బయటకు తీసి పెట్టుకుంటున్నాం.

తీసుకోవచ్చా అని అడిగితే నా జవాబు మీ పరిస్థితిని బట్టి మారుతుంది. ఒక్కరే ఇంటి దగ్గర పని చేసుకుంటుంటే దీనికి డబ్బులు కట్టనక్కర్లేదు. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక ఎక్సెల్ షీటు ఉంటే చాలు. నలుగురు దాటి, నెలకు పది పన్నెండు ఎపిసోడ్లు వస్తుంటే మాత్రం ఇది లేకుండా నేను చేయలేను. అడ్మిన్ లాగిన్ మీ చేతిలో ఉంటే ఇంకా మంచిది. మాలాగా ఏజెన్సీ కింద పని చేసేవాళ్లయితే, ఒప్పుకునే ముందే అడగండి: తెలుగు అక్షరాన్ని ఎలా లెక్కపెడుతున్నారు, గీత దాటితే మినహాయింపు ఎవరిస్తారు, వాళ్లు ఏ టైమ్‌లో మేలుకుని ఉంటారు.

ఇంకో ఏజెన్సీ నుంచి వచ్చే పనుల్లో ఇప్పటికీ పాత లెక్కే నడుస్తోంది. అక్కడ గీత వచ్చిన ప్రతిచోటా కారణం రాసి మినహాయింపు అడుగుతున్నాం, డెడ్‌లైన్‌కు ఒకరోజు ముందే. మా కుర్రాడు ఆ కారణాల పెట్టెలో ఈమధ్య ఒకే మాట రాస్తున్నాడు: “పెద్దవాళ్లతో మాట్లాడుతోంది, తగ్గించలేను.” నిన్నటి ఎపిసోడ్‌లో అలాంటివి 19. పద్దెనిమిదింటికి ఒప్పుకున్నారు. మిగిలిన దాని కోసం ఇవాళ మళ్లీ రాస్తాను.