సెస్క్ పోంపేయా: ఊరివాళ్లకే దక్కిన పాత ఫ్యాక్టరీ

మూతపడిన కర్మాగారాలను కళాకేంద్రాలుగా మార్చామని చెప్పుకొనే చోట్ల తరచుగా మిగిలేవి ఎర్ర ఇటుక గోడలు, ఖరీదైన కాఫీ దుకాణాలు. బ్రెజిల్‌లోని సావో పౌలోలో ఒకప్పుడు ఇనుప డ్రమ్ములు తయారైన చోట సెస్క్ అనే సామాజిక సేవా సంస్థ నడిపే సాంస్కృతిక, క్రీడా కేంద్రం సెస్క్ పోంపేయా ఆ కోవలోకి రాదు. 1977లో ఈ పని చేపట్టిన వాస్తుశిల్పి లీనా బో బార్డీ స్థలం చూడటానికి వెళ్లేసరికే, పాడుబడిన షెడ్లలో పిల్లలు ఆడుకుంటూ, తల్లులు తినుబండారాలు సిద్ధం చేస్తూ కనిపించారట. ఆ సందడిని చెదరగొట్టకుండా నిలబెట్టడమే ఆమె తన పనిగా పెట్టుకున్నారు.

1982లో తెరిచిన ఈ షెడ్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది పెద్ద హాలు. నేల మీద వంకరలు తిరిగే లోతులేని నీటి మడుగు, చలి కాచుకునే ఒక పొయ్యి, చదువుకోవడానికి కాంక్రీటు అరుగులు తప్ప అక్కడ పెద్దగా ఏమీ లేవు. ఏ పనీ లేకుండా వచ్చి కూర్చున్నా ఎందుకని అడిగేవారు లేరు. పక్కనున్న చేతిపనుల గదుల అడ్డుగోడలు కప్పుదాకా లేవవు, సిమెంటు దిమ్మెల మధ్య పొంగి గట్టిపడిన మాలును కూడా గీకకుండా వదిలేశారు.

నాటకశాల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. పూర్వం రాతిమెట్ల మీద కూర్చుని నాటకాలు చూసినవారికి మెత్తలు లేవు కదా అన్న వాదనతో బో బార్డీ చెక్క కుర్చీలు వేయించారు. వాదన బాగానే ఉంది గానీ, రెండు గంటల ప్రదర్శనకు నడుము ఒప్పుకోదు.

స్థలం మధ్యలో భూగర్భ కాలువ పోతున్నందున అక్కడ కట్టడం కుదరక, దానికి చెరోపక్క కాంక్రీటు బురుజులు లేపి గాలిలో వంతెనలతో కలిపారు. ఒకదానిలో ఆటస్థలాలు, రెండోదానిలో దుస్తులు మార్చుకునే గదులు ఉన్నాయి. కాలువ మీద పరిచిన చెక్కబల్లలపై జనం ఎండ కాచుకుంటారు.

ఇంత చోటును అద్దెల కోసం ముక్కలు చేయకుండా ఉంచగలగడానికి కారణం డబ్బు వచ్చే దారి: వాణిజ్య, సేవా రంగాల యజమానులు జీతాల మొత్తంపై చెల్లించే 1.5 శాతం సెస్క్ సంస్థను నడుపుతుంది. అటువంటి ఆధారం లేని నగరాలు ఈ కట్టడాన్ని అనుకరించినా, కొన్నాళ్లకు అద్దెదారుల వెంట పడక తప్పదు.

వెళ్లేవారు పొడవాటి ఉమ్మడి బల్లలున్న భోజనశాలలో తినేలా వేళ చూసుకోవాలి. హాలుకు టికెట్టు అక్కరలేదు, ఈతకొలనుకు మాత్రం సభ్యత్వ కార్డు కావాలి.